బీపీ బిళ్ళ మానేయమనే మెసేజ్‌కి నా జవాబు

"బీపీ బిళ్ళ మొదలుపెడితే చచ్చేదాకా వదలదు, కిడ్నీలు తినేస్తుంది. మీ వయసుకి వంద కలపండి, అదే మీకు సరైన బీపీ. తలనొప్పి లేకపోతే మందే అక్కర్లేదు. పరగడుపున రెండు వెల్లుల్లి రెబ్బలు చాలు." ఈ మెసేజ్ మా బంధువుల గ్రూపులోకి మళ్ళీ వచ్చింది. ఈసారి ఊరుకోలేను.

కిడ్నీలను తినేది అదుపు తప్పిన బీపీ. మూత్రంలో ప్రొటీన్ పోతున్న షుగర్ రోగులకి కిడ్నీలు కాపాడటానికే టెల్మిసార్టాన్ లాంటి బీపీ బిళ్ళలు రాస్తారు. మొదట్లో క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష అంకె) కాస్త పెరగొచ్చు, అందుకే కొన్ని వారాలకి రక్తపరీక్ష చేయిస్తారు. ఆ అంకె చూసి మీ అంతట మీరు మానేయకండి, డాక్టరుకి చూపించండి. కిడ్నీల మీద నిజంగా బెంగ ఉంటే, మోకాళ్ళ నొప్పికి చీటీ లేకుండా కొని మింగే డైక్లోఫెనాక్ మానండి. అది బీపీనీ పెంచుతుంది, కిడ్నీలనీ దెబ్బతీస్తుంది.

సైడ్ ఎఫెక్టులు లేవని నేననను. ఆమ్లోడిపిన్ అనే బీపీ బిళ్ళ వాడినప్పుడు మా అమ్మ చీలమండ దగ్గర బొటనవేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోయేది. డాక్టరు మందు మార్చారు, వాపు తీసింది.

తలనొప్పి మాట వింటేనే నాకు కడుపు రగిలిపోతుంది. మా పెదనాన్న తల బరువెక్కిన రోజే బిళ్ళ వేసుకునేవాడు. పక్షవాతం వచ్చిన రోజు ఆయన దిండు కింద పదిహేను బిళ్ళల అట్ట దొరికింది. కొని రెండు నెలలైంది, పదకొండు అలాగే ఉన్నాయి. ఆ పొద్దున కూడా ఆయనకి తలనొప్పి లేదు.

వయసుకి వంద అంటారా? అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ బీపీ 1944 మార్చిలో 186/108. వయసుకి తగ్గట్టు బాగానే ఉన్నాడని ఆయన వైద్యుడు చెబుతూ వచ్చాడు. 1945 ఏప్రిల్ 12న మెదడులో రక్తస్రావమై 63 ఏళ్ళకే పోయాడు. అప్పుడు సరైన మందే లేదు, మూత్రం ఎక్కువ పోయేలా చేసి బీపీ తగ్గించే థయజైడ్ రకంలో మొదటి బిళ్ళ 1958లో వచ్చింది. మనకి ఉంది. 80 దాటినవాళ్ళ మీద జరిగిన అధ్యయనం 2008లో వెలువడింది. ఆ వయసులోనూ మందు వాడినవాళ్ళలో మరణాలు తగ్గాయి.

మానేస్తే బీపీ పెరిగేది బిళ్ళకి అలవాటుపడి కాదు, జబ్బు లోపలే ఉండి. ఉప్పు, బరువు తగ్గించుకున్న కొందరికి డాక్టర్లే డోసు తగ్గిస్తారు, ఆపేస్తారు కూడా. సొంతంగా మాత్రం వద్దు. క్లోనిడిన్, అటెనోలాల్ లాంటి బీపీ మందులు ఉన్నట్టుండి ఆపితే ప్రాణం మీదికి వస్తుంది.

వెల్లుల్లి తినండి, బిళ్ళ కూడా వేసుకోండి. ఆవకాయలో వెల్లుల్లి మాత్రం లెక్కలోకి రాదు, దాంతోపాటు వెళ్ళే ఉప్పే బీపీని పెంచేది.