టీబీ గుంతలో ఫంగస్: మందుల షాపు నుంచి ఒక మాట

టీబీ గుంతలో పెరిగే ఫంగస్ గురించి ఒక డాక్టరుగారు రాసిన వ్యాసం చదివి ఈ మాట రాస్తున్నాను. టీబీ తగ్గాక మళ్లీ దగ్గులో రక్తం పడితే అది ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్ కూడా కావచ్చని అందులో బాగా చెప్పారు. టీబీ ఊపిరితిత్తుల్లో వదిలి వెళ్లిన గుంతలో ఈ ఫంగస్ ఉండలా పెరుగుతుంది. ఎక్స్‌రేలో మచ్చ చూడగానే మళ్లీ టీబీ కోర్సు మొదలుపెట్టేవాళ్లు ఉన్నారు. కళ్లె పరీక్షలో టీబీ లేదని వస్తే సీటీ స్కాన్, రక్తంలో ఆస్పర్‌జిల్లస్ ఐజీజీ (ఈ ఫంగస్‌కి ఎదురుగా ఒంట్లో తయారయ్యే యాంటీబాడీ) పరీక్ష గురించి అడగండి.

అసలు తంటా మందు దగ్గర. గుంటూరు కొత్తపేటలో మందుల షాపు నాది, రోజూ చూసేదే. ఈ ఫంగస్‌కి వాడే మామూలు ఇట్రాకొనజోల్ క్యాప్సూల్ కడుపులో యాసిడ్ ఉంటేనే ఒంటికి పడుతుంది, అన్నం తిన్న వెంటనే వేసుకోవాలి. మనకేమో పండుమిరపకాయ పచ్చడి పుణ్యమా అని పొద్దున్నే యాసిడ్ తగ్గించే పాంటాప్రజోల్ పడందే రోజు గడవదు! ఒకే చీటీలో రెండూ కనబడితే డాక్టరుకి ఫోన్ చేసి అడిగాకే ఇస్తాను. టీబీ మందు రిఫాంపిసిన్‌తో అయితే మరీ అన్యాయం. అది లివర్‌ని ఉసిగొల్పి ఇట్రాకొనజోల్‌ని చకచకా విరిచేయిస్తుంది. "ఎందుకైనా మంచిది" అని టీబీ మందులు కూడా కలిపి వాడితే ఫంగస్ మందు వేసుకున్నా వేసుకోనట్టే.

ఇట్రాకొనజోల్ కోర్సు కనీసం 6 నెలలు. మధ్యలో కాళ్ల వాపు, ఆయాసం వస్తే వెంటనే డాక్టరుకి చెప్పాలి. గుండె బలహీనంగా ఉన్నవాళ్లయితే మొదలుపెట్టకముందే చెప్పాలి.

డాక్టరుగారూ, రక్తంలో మందు ఎంత చేరిందో చూసే పరీక్ష గురించి కూడా ఒకసారి వివరంగా రాయండి.