సవరణ: పాట్ గారెట్ పదవుల గురించి

అమెరికాలోని న్యూ మెక్సికోలో లింకన్ కౌంటీ షరీఫుగా (ఎన్నికయ్యే కౌంటీ పోలీసు అధికారిగా) పనిచేసిన పాట్ గారెట్ గురించి రాసిన గత టపాలో, 1880 డిసెంబరులో పేరుమోసిన నేరస్థుడు బిల్లీ ది కిడ్‌ను పట్టుకునేనాటికే ఆయన షరీఫు అని పేర్కొనడం పొరపాటు. నవంబరు ఎన్నికలో గెలిచినా, ఆయన పదవీకాలం మొదలైంది 1881 జనవరి 1న. స్టింకింగ్ స్ప్రింగ్స్ దగ్గర బిల్లీ ముఠాను చుట్టుముట్టినప్పుడు ఆయన ఇంకా డిప్యూటీ షరీఫే. 1881 జులై 14 రాత్రి ఫోర్ట్ సమ్నర్‌లో, చీకటి పడకగదిలోకి వస్తూ స్పానిష్‌లో ‘ఎవరది?’ అని అడిగిన బిల్లీని కాల్చినప్పుడు మాత్రం షరీఫు హోదాలోనే ఉన్నారు.

రెండో తప్పు నాకే సిగ్గనిపించేది: టెక్సస్‌లోని ఎల్ పాసోలో కస్టమ్స్ (దిగుమతి సుంకాల) కలెక్టరు పదవికి ఆయన ఎన్నికయ్యారని రాశాను. అది అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ 1901లో చేసిన నియామకం.