జుట్టు మొలిచాక రండి

బెయిలు వేరు, విడుదల వేరు అన్న సంగతి మా అత్తగారికి ఎవరైనా ముందుగా చెప్పి ఉంటే, ఇది రాస్తున్న వేళ నా నెత్తికి ఫ్యాను గాలి ఇంత చల్లగా తగిలేది కాదు. మా బావమరిది ఒక గొడవలో ఇరుక్కున్నాడు. తప్పెవరిదో కోర్టు తేల్చవలసి ఉంది కనుక నేను ఆ జోలికి వెళ్లను. నాన్‌బెయిలబుల్ సెక్షను పడింది, రిమాండుకు పంపారు, తొమ్మిదో నాటి సాయంత్రం బెయిలు మంజూరైంది. పది వేల రూపాయల సొంత పూచీకత్తు, అంతే మొత్తానికి ఇద్దరు జామీనుదారులు అన్నది షరతు. వకీలుగారు ఫోనులో "బెయిలు వచ్చిందమ్మా, అయితే..." అంటుండగానే మా అత్తగారు ఫోను పెట్టేసి దేవుడి గదిలోకి వెళ్లిపోయారు. ఆ "అయితే" తర్వాతి వాక్యంలో నేనున్నాను.

"బిడ్డకు బెయిలొస్తే మా అల్లుడి చేత తలనీలాలు ఇప్పిస్తా సామీ" అని ఆవిడ మొక్కుకున్నారట. కొడుకు కోసం అల్లుడి జుట్టును పూచీగా పెట్టేటప్పుడు ఆ జుట్టు గలవాడిని ఒక మాట అడగాలన్న నియమం మొక్కుల్లో లేదు. మరునాడు తెల్లవారుజామున అలిపిరిలో బస్సెక్కడం, కల్యాణకట్ట, కోనేటి స్నానం, మహాద్వారం ఎదుట ఒక దండం. మధ్యాహ్నం రెండున్నరకు నేను నున్నని గుండుతో, దాని మీద ఇంకా ఆరని చందనంతో, మొదటి జామీనుదారుగా కోర్టు వరండాలో నిలబడి ఉన్నాను.

చేతిలో ఇంటి పన్ను రసీదు, ఆధార్ నకలు, రెండు ఫొటోలు, సంచిలో ఇరవై వేల నగదు. నగదును చూసి వకీలుగారు నవ్వారు. అమెరికాలో మాదిరిగా పదో వంతు రుసుము పుచ్చుకొని పూచీ రాసిచ్చే దుకాణాలు మన దేశంలో లేవని, ఇక్కడ జామీను ఉండడమంటే డబ్బు కట్టడం కాదని, నిందితుడు వాయిదాకు రాకుండా పోతే ఆ మొత్తాన్ని తన వద్ద వసూలు చేసుకోవచ్చని ఒప్పుకుంటూ సంతకం చేయడమని ఆయన ఓపికగా వివరించారు. మా బావమరిది ఇంతవరకు చీటీ వాయిదాతో సహా ఏ వాయిదాకూ సమయానికి వచ్చిన మనిషి కాడని నేను ఆయనకు చెప్పలేదు.

రెండో జామీనుదారు మా ఆవిడ మేనమామ, చిత్తూరు నుంచి వచ్చారు. 2022 ఏప్రిల్ 4న జిల్లాను విడదీసినప్పటి నుంచి ఆయన మాకు పొరుగు జిల్లా మనిషి. బెంచి గుమాస్తా "పక్క జిల్లా షూరిటీనా?" అని పెదవి విరిచేసరికి, వకీలుగారు 1978 నాటి మోతీరాం కేసును బయటికి తీశారు. తాపీ పనివాడైన మోతీరాంకు తమ్ముడో అన్నో జామీనుగా వస్తే, వేరే జిల్లావాడని మేజిస్ట్రేటు తిరస్కరించారట. అలా అయితే తెలుగువాడిని పోర్ట్‌బ్లెయిర్‌లోనో చాందినీ చౌక్‌లోనో అరెస్టు చేస్తే అక్కడ ఆస్తి ఉన్న జామీనుదారుని ఎక్కడి నుంచి తెస్తాడని సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ నిలదీశారట. మామగారి సంగతి రెండు నిమిషాల్లో తేలిపోయింది. నా తల విషయంలో మాత్రం వకీలుగారి దగ్గర ఏ తీర్పూ లేదు.

గుమాస్తా నా ఫొటోను చూశాడు, నన్ను చూశాడు, మళ్లీ ఫొటోను చూశాడు. ఆధార్ నకలు అడిగాడు. ఆధార్ ఫొటోలో నేను మామూలుగానే పరారీలో ఉన్న నిందితునిలా ఉంటాను కనుక అది నాకు మేలు చేయలేదు. ఒక తెల్ల కాగితంతో ఫొటోలోని జుట్టును కప్పి, కనుబొమల నుంచి కిందికి మాత్రమే పోల్చి చూశాడు. చెవులు సరిపోయాయన్నాడు, ముక్కు దగ్గర ఆగాడు. మామగారు సహాయం చేస్తున్నాననుకొని తన భుజం మీది నల్ల శాలువాను మడిచి నా తల మీద పెట్టి, "ఇప్పుడు చూడండి సామీ, అచ్చం మా వాడే" అన్నారు. వరండాలో ఉన్నవాళ్లంతా చూశారు. వాళ్లలో కనీసం నలుగురివి గుండ్లే. రోజూ వేల మంది గుండ్లతో తిరిగే ఈ ఊళ్లో, గుండును మొట్టమొదటిసారిగా చూస్తున్నట్లు ప్రవర్తించే ఉద్యోగి నాకే దొరికాడు. దొంగ షూరిటీల బెడద ఉన్న మాట నిజమే, ఆయన జాగ్రత్తకు నేను దండం పెడతాను. అయినా "గుండు కొట్టిస్తే ఎవురైనా ఎవురి మాదిరైనా ఉంటారప్పా, జుట్టు మొలిచినాక రండి" అన్న సలహాను మాత్రం క్షమించలేను. 2021లో ముంబయిలో ఒక పెద్ద నటుని కుమారునికి జూహీ చావ్లా లక్ష రూపాయలకు జామీనుగా నిలబడ్డారు. ఆమెకు ఈ చిక్కు రాలేదంటే కారణం ఆమె ఖ్యాతి ఒక్కటే కాదు, ఆమెకు మా అత్తగారు లేరు.

చివరికి మేజిస్ట్రేటుగారి ముందుకు వెళ్లాం. ఇంతకుముందు ఎంతమందికి జామీను ఉన్నారని అడిగారు. నేర విచారణ పద్ధతికి వచ్చిన కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 486వ సెక్షను ప్రకారం ఆ లెక్క చెప్పి తీరాలట. నేను కంగారులో "బ్యాంకు అప్పుకు ఒకసారి, చీటీ పాటకు రెండుసార్లండీ" అన్నాను. ఆయన నవ్వు ఆపుకొని, కొత్త ఫొటో తీయించి అతికించమన్నారు. ఎదురుగా ఉన్న స్టూడియోకు పరుగెత్తితే, ఫొటో తీసిన కుర్రవాడు కంప్యూటరు ముందు కూర్చొని మామూలుగా అడిగాడు: "జుట్టు పెట్టేదా సార్, యాభై రూపాయలు అదనం." వద్దని అతడికి నచ్చజెప్పడానికి పావుగంట పట్టింది.

విడుదల ఉత్తర్వు జైలుకు చేరేసరికి సాయంత్రం లెక్క చూసి తాళాలు వేసేశారు. ముంబయి కుర్రవాడికీ ఇలాగే ఉత్తర్వు వేళ దాటాక చేరి ఒక రాత్రి ఎక్కువ పడిందని వకీలుగారు ఓదార్చారు. మరునాడు పొద్దున మా బావమరిది నిండు క్రాపుతో బయటికి వచ్చి, నన్ను దాటుకొని వెళ్లి, మామగారిని "బావ రాలేదా?" అని అడిగాడు.

ఇంటికి వచ్చాక మా అత్తగారికి ఒక సందేహం పట్టుకుంది. బిడ్డ బయటికి రాకముందే ఇచ్చిన తలనీలాలు మొక్కు కింద చెల్లుతాయా అని నిన్నటి నుంచి వీధిలో అందరినీ అడుగుతున్నారు.