శ్రీ రామ్ గారికి, నెల్లూరు నుంచి

మహారాజశ్రీ రెసిడ్యువల్ యాంప్లిట్యూడ్ మాడ్యులేషన్ గారికి, మా ల్యాబు భాషలో రామ్ గారికి, అంటే లేజర్ ఫ్రీక్వెన్సీని మాత్రమే ఊపుదామంటే వెలుగు తీవ్రతని కూడా ఊపేసే మిగులు ఊగిసలాట గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. నిన్న మధ్యాహ్నం తర్వాత చెయ్యి రావడం లేదు.

మా 780 నానోమీటర్ల లేజర్‌ని రుబీడియం గీతకి, అంటే ఆ పరమాణువులు మింగే ఖచ్చితమైన రంగుకి, కట్టేసి నాలుగు గంటలు డేటా తీశాను. లాక్ లైటు పచ్చగానే ఉంది. సాయంత్రం ఎందుకో అనుమానమొచ్చి లేజర్‌ని గీతకి దూరంగా జరిపితే, సున్నా మీద ఉండాల్సిన ఎర్రర్ సిగ్నల్ (లేజర్ గీతకి ఎంత తప్పిందో చెప్పేది) తమరి దయవల్ల తీరిగ్గా పైన కూర్చుని ఉంది.

లాక్ ఊడితే బాధ లేదండీ, తెలిసిపోతుంది, మళ్ళీ పట్టుకుంటాం. తమరు ఊడదీయరు. సున్నానే జరిపేస్తారు. సర్వో, అంటే ఆ సిగ్నల్ చూసి లేజర్‌ని సరిదిద్దే సర్క్యూట్, బుద్ధిమంతుడు, ఆ దొంగ సున్నా దగ్గరే లేజర్‌ని నిలబెట్టి నాకు సలాం కొడతాడు. చేపల మార్కెట్లో కాటా ముల్లు వంచేవాడు నయం, కనీసం మొహం పక్కకి తిప్పుకుంటాడు.

లేజర్‌ని ఊపడానికి దారిలో ఒక క్రిస్టల్ పెట్టాం. దాన్ని దాటాక క్యారియర్‌కి (అసలు ఫ్రీక్వెన్సీకి) అటూ ఇటూ రెండు సైడ్‌బ్యాండ్లు (పక్క ఫ్రీక్వెన్సీలు), కావడి కుండల్లా. సరితూగితే డిటెక్టర్‌కి ఏ అలజడీ కనపడదు. క్రిస్టల్ అక్షానికి పోలరైజేషన్ (వెలుగు ఊగే దిశ) వెంట్రుకవాసి తప్పిందా, తమరొచ్చి ఓ కుండ ఒలకబోస్తారు. గూడూరు మైకా పలకలోలాగే మా క్రిస్టల్లోనూ వెలుగు రెండు దారులు పడుతుంది. వేడి మారితే ఆ రెంటి మధ్య తేడా మారుతుంది. మే నెల నెల్లూరులో వేడి మారకూడదట! మా ఏసీ గురించి ఇక్కడ రాయను, దానికి వేరే లేఖ ఉంది.

ముందొక పోలరైజర్ పెట్టాను. ముఖాల మధ్య వెలుగు అటూ ఇటూ తిరగకుండా క్రిస్టల్‌ని కాస్త వాల్చాను. రామేశ్వరం పోయినా శనేశ్వరం తప్పలేదు. ఏటవాలుగా కోసిన క్రిస్టల్‌కి ఇండెంట్ (కొనమని అర్జీ) పెడితే, "ఉన్నది పగిలిందా?" అన్నారు ఆఫీసులో.

ఒరేయ్ రామ్, ఇక మర్యాద చాలు. పేరు రాముడిది, పనులు రావణుడివి. నీ మందు 1985లోనే వాంగ్, హాల్ అనే శాస్త్రవేత్తలు రాసిపెట్టారు: క్రిస్టల్ దాటాక కాస్త వెలుగు పక్కకి తీసి నిన్ను కొలవడం, క్రిస్టల్ మీద డీసీ వోల్టేజీ మార్చి నిన్ను అక్కడికక్కడే నొక్కేయడం. ఆ హాల్‌కి 2005లో నోబెల్ వచ్చింది. నాకు ఇండెంట్ పెట్టిన క్రిస్టల్ కూడా రాలేదు.

రాత్రి పదకొండుకి పాత బోర్డు మీద ఆ సర్క్యూట్ కలిపాను. ఎర్రర్ సిగ్నల్ దిగొచ్చి సున్నా మీద కూర్చుంది. పావుగంట కదల్లేదబ్బా! కళ్ళార్పకుండా చూశాను, నీమీద కోపం కూడా మర్చిపోయాను. పొద్దున నేనొచ్చేదాకా ఏసీ ముట్టుకోవద్దని వాచ్‌మన్ అన్నకి చెప్పొచ్చాను.

ఇట్లు,
నాలుగు గంటల డేటా పారబోసుకున్న రీసెర్చ్ స్కాలర్