జస్టిస్ సొసైటీ మినిట్స్ పుస్తకానికి, నెల్లూరు నుంచి

మహారాజశ్రీ జస్టిస్ సొసైటీ ఆఫ్ అమెరికా వారి మినిట్స్ పుస్తకం గారి సముఖానికి,

నెల్లూరు పొదలకూరు రోడ్డు పక్కన ఓ కాలనీ సంక్షేమ సంఘానికి మినిట్స్ పుస్తకం మోసే మనిషి, అమెరికా కామిక్ పుస్తకాల్లోని అతీత వీరుల సంఘానికి మినిట్స్ అయిన తమకు నమస్కరించి రాసుకునేది. ఉభయకుశలోపరి.

మొన్న ఆదివారం మధ్యాహ్నం మూడింటికి మా సంఘం మీటింగు. మూడింటికి అంటే నాలుగున్నరకి, తమకు తెలియనిదేముంది. డ్రైనేజీ పని అయిపోయిందన్న సంతోషంలో పెట్టుకున్న మీటింగు. ఆ డ్రైనేజీ కోసం మూడు నెలలు తిరిగింది నేను. అర్జీ రాశాను, ఆ అర్జీ ఏమైందని ఇంకో అర్జీ రాశాను. "సారు లేరమ్మా, సోమవారం రా" అంటే ఎన్ని సోమవారాలు పోయానో లెక్క లేదు. పైపులు దించే రోజు గొడుగేసుకుని గుంట పక్కనే నిలబడ్డాను. సరే, అందరూ కూర్చున్నారు. పుస్తకం జరుగుతా జరుగుతా నా ముందుకే వచ్చింది. "రాయండి టీచరమ్మా, మీ అక్షరాలు ముత్యాలు. నాలుగో తీర్మానం: డ్రైనేజీ పని పూర్తి చేయించిన అధ్యక్షుల వారికి సంఘం తరఫున కృతజ్ఞతలు."

రాశాను. ఒక్క తప్పు లేకుండా, నా చేత్తోనే.

ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే మనవరాలు ట్యాబ్ పట్టుకొచ్చింది. "అమ్మమ్మా, అందర్లోకీ బలం ఈమెకే గదా? మరి ఈమేంది, సెక్రటరీ?" తొంగి చూస్తే వండర్ ఉమన్ బొమ్మ, ఆమె చేతిలో తమరు. మన చుట్టరికం అట్టా బయటపడింది.

తమ ఆస్థానం వైభవం కాస్త చదివాను. 1941 డిసెంబరు-1942 జనవరి అని తేదీ వేసిన ఆల్ స్టార్ కామిక్స్ 8వ సంచికలో వండర్ ఉమన్ పుట్టింది. అది తమ సంఘం సొంత పత్రికే. 1942లోనే ఆమెను సంఘంలో చేర్చుకున్నారు, సంతోషం. ఏ హోదాలో? సెక్రటరీ. తూటాలను ముంజేతి కడియాలతో ఆపే మనిషికి కలం ఇచ్చారు. రెక్కలు కట్టుకున్న హాక్‌మన్ అధ్యక్షుడు. ఆటమ్ అని ఒకాయన ఉన్నాడు, ఆయనకు అప్పట్లో ఏ అతీత శక్తీ లేదు. పొట్టివాడు, కసరత్తు చేసి కండలు పెంచాడు, అంతే. మా వీధి చివర జిమ్ముకు పోతే అట్టాంటి పిల్లకాయలు పదిమంది దొరుకుతారు. ఆయన మాత్రం పూర్తి సభ్యుడు, శత్రువుల మీదికి పోతాడు. ఈమె వాళ్లు ఎటు పోయిందీ రాసుకుంటుంది.

నియమం ఉందని తమరు అంటారు, విన్నాను. సొంత పత్రిక వచ్చిన వాళ్లు గౌరవ సభ్యులుగా పక్కకు జరగాలట. సూపర్‌మన్, బాట్‌మన్ కూడా గౌరవ సభ్యులేనట. ఒప్పుకున్నాం. మరి వాళ్లిద్దరి చేతికి ఈ పుస్తకం ఎందుకు ఇవ్వలేదు స్వామీ? సూపర్‌మన్ పగటి ఉద్యోగమే పత్రికలో విలేఖరి. రాయడం వచ్చినవాణ్ని వదిలి రాజకుమారి వండర్ ఉమన్‌ను పట్టుకున్నారు. గౌరవ కార్యదర్శి అంటే గౌరవం ఉందని కాదు, జీతం లేదని అర్థం. పద్దెనిమిదేళ్లుగా నేనూ అదే.

నాకు నిద్ర పట్టనివ్వనిది ఆమె తాడు. వండర్ ఉమన్‌ను సృష్టించిన మార్‌స్టన్ రక్తపోటును బట్టి అబద్ధం పట్టే పద్ధతి కనిపెట్టిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. ఆయన ఆమె నడుముకొక తాడు ఇచ్చాడు. అది చుట్టుకున్నవాడు ఆమె మాట వినాల్సిందే, నిజం చెప్పమంటే నిజమే చెప్పాల్సిందే. అట్టాంటి తాడు పక్కన పెట్టుకుని, ఎవరేం చెప్తే అది మినిట్స్‌లో ఎక్కించుకుంటా కూర్చుందా? నాకు మొన్న ఆ తాడు ఒక్క అయిదు నిమిషాలు దొరికుంటే అధ్యక్షుల వారికి రెండు చుట్లు చుట్టి "గుంట యాడ తవ్వారో చెప్పండి" అని మాత్రం అడిగుండేదాన్ని. ఆయనకు ఆ వీధి తెలీదు.

తమ బంధువర్గమంతా ఇంతేనని ఆ రాత్రే తెలిసింది. ఈమెకన్నా ముందే, 1940లో ఫాంటోమా అనే అతీత శక్తుల నాయిక వచ్చింది. ఎవరికి గుర్తు? 1941 ఏప్రిల్‌లో మిస్ ఫ్యూరీ వచ్చింది, గీసింది ఆడమనిషి. ఆడపేరు కనబడితే ఇబ్బందని, గీసిన ఆ జూన్ మిల్స్ కాస్తా టార్పే మిల్స్ అయింది. 1961లో ఫెంటాస్టిక్ ఫోర్ అనే నలుగురు వీరుల కథలో ఒక అమ్మాయికి శక్తి ఇస్తూ బాగా ఆలోచించి కనపడకుండా పోవడం ఇచ్చారు. పెళ్లయి బిడ్డను కన్నా ఆమెను 'ఇన్విజిబుల్ గర్ల్' అనే పిలిచారు, 'ఉమన్' అయ్యేసరికి 1985. అవెంజర్స్ అనే వీరుల సంఘానికి ఆ పేరు పెట్టింది వాస్ప్ అనే ఆడమనిషి. 2012 అవెంజర్స్ సినిమాలో ఆ పేరు వచ్చింది, పెట్టిన ఆమె రాలేదు. మోనికా రాంబో 1982లో కెప్టెన్ మార్వెల్‌గా వచ్చి, అవెంజర్స్‌కు నాయకత్వం కూడా చేసింది. తర్వాత ఆ పేరు వేరేవాళ్లకి పోయింది, ఆమె ఒక్కో పేరు మార్చుకుంటా తిరిగింది, అద్దె ఇళ్లు మారినట్టు.

ఇక తమరూ గిమరూ నావల్ల కాదు. విను. మా జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకునే బడిలో సారా గురించి పాఠం చదివి, పోయి సారా కొట్టు మూయించారు. అది రాష్ట్రమంతా అంటుకుంది, 1993లో సారాను నిషేధించారు. అంత పని చేసిన ఊళ్లో నాకు రోశమ్మ పేరు ఒక్కటే వస్తుంది. పక్కన నిలబడ్డవాళ్ల పేర్లు చెప్పమంటే నోరు రాదు. ఇదే జిల్లాలో పుట్టి, పిల్లలకు పాఠాలు చెప్పి, నేను కూడా రాసిపెట్టుకోలేదు. నిన్ను తిట్టడానికి కూర్చుంటే ఇది గుర్తొచ్చి నోరు మూతపడింది, అది వేరే సంగతి.

అయినా అడుగుతున్నా. ఆమె ఒక్కసారైనా నీలో వాళ్లు చెప్పనిది రాసిందా? ఎక్కడో ఓ పేజీ అడుగున, చిన్న అక్షరాల్లో? రాసుంటే ఆ పేజీ పంపు. నేనెవరికీ చూపించను, మనవరాలికి తప్ప.

నా పుస్తకం ఇంకా నా బీరువాలోనే ఉంది. నాలుగో తీర్మానం పక్కన కార్యదర్శి సంతకం లేదు. సంతకం పెట్టి పంపమని అధ్యక్షుల వారు నిన్నటి నుంచి మూడుసార్లు ఫోన్ చేశారు. పులుసులో మామిడికాయ ముక్కలేస్తా ఉన్నాను, ఎత్తలేదు.

ఇట్లు,
గౌరవ కార్యదర్శి

తా.క. ఆదివారం మిక్చరుకు, టీలకు నా చేతి నుంచి పెట్టిన 340 రూపాయలు ఇంకా రావాలి. ఆ సంగతి మినిట్స్‌లో రాయనివ్వలేదు.