లాయరు మూడో పార్టీలో నిలబడితే కెరీర్ అయిపోయినట్టేనా?

బెజవాడలో మా లాయర్ల గ్రూపుల్లోనూ అపార్ట్‌మెంట్ గ్రూపుల్లోనూ ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. రెండు పెద్ద పార్టీలనూ కాదని మూడో పార్టీ నుంచి నిలబడే లాయరు ఇక్కడ గెలవడట. డిపాజిట్ పోతే మళ్లీ పోటీకి పనికిరాడట. గెలిచినా నల్లకోటు విప్పేయాలట. అసలు నిలబడేదే పేరు కోసమట. ఇందులో ఒక్కటీ నిలబడే మాట కాదు.

ఇక్కడ మూడో పార్టీ గెలవదా? 2009లో విజయవాడ నగరంలోని మూడు అసెంబ్లీ సీట్లలో రెండు ప్రజారాజ్యానివే. తూర్పులో యలమంచిలి రవి, పశ్చిమలో వెలంపల్లి శ్రీనివాస్ గెలిచారు. అది సినిమా గాలి అంటారా, 1952కి వెళ్దాం. విజయవాడ తన తొలి లోక్‌సభ సభ్యుడిగా ఎన్నుకున్నది హరీంద్రనాథ్ చటోపాధ్యాయను. కమ్యూనిస్టుల మద్దతుతో నిలబడిన ఇండిపెండెంట్ ఆయన.

ఓడితే కెరీర్ ముగిసినట్టే అన్న మాటకు జవాబు మనం రోజూ దాటే బ్యారేజీ పేరులోనే ఉంది. ప్రకాశం పంతులు గారు బారిస్టరు. కాంగ్రెస్ నుంచి బయటికొచ్చి, 1952 ఎన్నికల్లో మద్రాసులో ఓడిపోయారు. రెండేళ్లు తిరగకముందే, 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్ర తొలి ముఖ్యమంత్రి అయ్యారు. అప్పటికే ఆయన ఆంధ్రకేసరి కాబట్టి అందరికీ ఆ పోలిక కుదరదు, ఒప్పుకుంటాను. కానీ ఒక్క ఓటమితో అంతా అయిపోతుందన్నది మాత్రం అబద్ధం.

డిపాజిట్ సంగతి. అసెంబ్లీకి 10,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5,000. చెల్లిన ఓట్లలో ఆరో వంతు దాటకపోతే ఆ డబ్బు పోతుంది, అంతే. మళ్లీ నిలబడే హక్కు ఎక్కడికీ పోదు. అనర్హత తెచ్చిపెట్టేది వేరే ఉంది. ఫలితం వచ్చిన 30 రోజుల్లోగా ఖర్చుల లెక్క ఇవ్వకపోతే, అందుకు సరైన కారణం లేకపోతే, ఎన్నికల సంఘం మూడేళ్లు పోటీకి దూరం పెట్టొచ్చు. జనానికి తెలియాల్సింది ఇది.

నల్లకోటు విషయం సుప్రీంకోర్టు 2018లోనే తేల్చేసింది. ఎమ్మెల్యేలు, ఎంపీలు ప్రాక్టీసు చేసుకోవచ్చు.

ఇక పేరు కోసం అన్న మాట. నాకు మనసు కష్టం కలిగించింది ఇదే. మా సీనియర్ గారు ఒక చిన్న పార్టీ నుంచి నిలబడినప్పుడు ప్రతిపాదకుల్లో, అంటే నామినేషన్ పత్రంలో అభ్యర్థి పేరు ప్రతిపాదిస్తూ సంతకం పెట్టేవాళ్లలో, నేనొకణ్ణి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్క ప్రతిపాదకుడు చాలు, మిగతావాళ్లకు పదిమంది కావాలి. ఆ పదిమందీ అదే నియోజకవర్గం ఓటర్లై ఉండాలి. గవర్నర్‌పేటలోని ఆఫీసులో రాత్రి పదింటికి ఓటర్ల జాబితా ముందేసుకుని పార్ట్ నంబరు, వరుస నంబరు ఒక్కొక్కటీ సరిచూస్తుంటే, ఒకావిడ ఓటు పక్క నియోజకవర్గానికి మారిపోయిందని తేలింది. మర్నాడే నామినేషన్‌కు ఆఖరి రోజు. అందరికీ టెన్షన్. కింద టీకొట్టు బాబాయ్ షట్టర్ దించుతున్నవాడల్లా ఆగి, ఇంటికెళ్లి ఓటరు కార్డు తెచ్చి, "సార్ మా స్థలం కేసులో ఫీజు కూడా అడగలేదమ్మా" అంటూ సంతకం పెట్టాడు.

మా సీనియర్ గారి డిపాజిట్ పోయింది. ఖర్చుల లెక్క గడువులోపలే ఇచ్చేశారు. లెక్క ఇచ్చిన మర్నాడు పొద్దున్నే బాబాయ్ కేసు వాయిదాకు కోర్టులో ఉన్నారు.