సైదాపేట వంతెన రాతికి ఒక విన్నపం

సైదాపేట శిలాఫలకం గారికి,

నమస్కారం. పెళ్ళివాళ్ళంతా వెళ్ళిపోయాక గోడకి అంటించిన శుభలేఖ మిగిలినట్టు, వంతెన పోయి మీరు మిగిలారు.

మిమ్మల్ని మొదటిసారి చూసింది కొన్నేళ్ళ కిందట, మా బావ హైదరాబాదు నుంచి వచ్చినప్పుడు. "మా మూసీ మీది పురానాపూల్ వంతెన 1578 నాటిది. మీ మద్రాసులో ఏముందోయ్?" అని కాఫీ తాగుతూ గుచ్చాడు. నాకు రోషం వచ్చింది. అడయారు నది మీద 1726 నాటి మర్మలాంగ్ వంతెన ఉందని ఆటో ఎక్కించాను. తీరా దిగితే ఉన్నది మరైమలై అడిగళ్ పేరుతో కాంక్రీటు వంతెన. పాతదాన్ని 1960లలోనే తీసేశారట, నాకా సంగతి తెలీదు. బస్సు హారన్ల మధ్య బావ అటూ ఇటూ చూసి, "వంతెనేదీ?" అన్నాడు.

అప్పుడు కనిపించారు మీరు. ఒంటి నిండా దుమ్ము, ఓ మూల పోస్టరు జిగురు. బావ సీసాలో నీళ్ళు పోసి జేబురుమాలుతో తుడిచాడు. అక్షరాలు తేలాయి: పర్షియన్, లాటిన్, ఆర్మేనియన్. మాకొచ్చినవి తెలుగు, తమిళం, కాస్త ఇంగ్లీషు. కాబట్టి ఇద్దరం చాలా గంభీరంగా తలలూపాం.

ఇంటికొచ్చి చదివాను. కోజా పెట్రస్ ఉస్కాన్ అనే ఆర్మేనియన్ వ్యాపారి, సొంత డబ్బు 30,000 వరహాలు పెట్టి ఆ వంతెన కట్టించాడట. జనం ఏరు దాటి పరంగిమలై, అంటే సెయింట్ థామస్ మౌంట్ కొండకి, వెళ్ళాలని. అంతకంటే విడ్డూరం, దాని మరమ్మతులకు కూడా విడిగా డబ్బు పెట్టిపోయాడు. పిచ్చి మారాజు! రిబ్బను కత్తిరించే వీలులేని పనికి ఎవరైనా డబ్బు పెడతారా?

ఇప్పుడు మిమ్మల్ని బాగుచేసి, చుట్టూ చోటు చేసి సందర్శకులకు చూపిస్తారని టీకొట్టు దగ్గర ఒకాయన అన్నాడు. నిజమో కాదో గానీ నాకు మాత్రం టెన్షన్ పట్టుకుంది. మా వీధి చివరి పాత మండపాన్ని ఇలాగే బాగుచేశారు. సున్నం గార గీకేసి సిమెంటు పూశారు. సున్నం తడిని బయటికి వదులుతుంది, సిమెంటు లోపలే పట్టి ఉంచుతుంది. రెండు వానాకాలాలకి గోడ ఉబ్బి, పెచ్చులు రాలాయి. దాని మీద వేసిన గులాబీరంగు ఎనామిల్ మాత్రం ఇంకా మెరుస్తోంది. ప్రారంభోత్సవ ఫలకమైతే మండపం స్తంభం కంటే పొడుగు.

మీ పక్కన కూడా అలాంటిదొకటి పెడతారు, సిద్ధంగా ఉండండి. దాని మీద పేర్లన్నీ చదవగలిగే భాషలోనే ఉంటాయి. మీ వెనక మూడు రంగుల లైట్లు, ముందు సెల్ఫీ దిగడానికి గుండె బొమ్మ. వంతెన ఎక్కడని పిల్లలెవరైనా అడిగితే టికెట్టు ఇచ్చేవాడు కాంక్రీటు వైపు చెయ్యి చూపిస్తాడు.

అన్నట్టు, ఆరోజు మేం తుడుస్తుంటే ఆటో అతను చెప్పులు విడిచి దగ్గరికొచ్చి, "ఏ సామి?" అని అడిగాడు. సామి కాదు, వంతెన రాయి అన్నాం. చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఈసారి మెత్తటి బ్రష్షు తెస్తాను. ఓ పసుపు పొట్లం కూడా తెమ్మంటారా?

ఇట్లు,
మీ ముందు తల ఊపిన ఇద్దరిలో ఒకడు